ఆపమన్నాడు, ఆపాను

కాళ్ళ కింద నేల ఒక్కసారిగా నల్లబడితే మబ్బు పట్టిందనుకున్నాడు అతను.

చేతిలో కేబుల్ డిటెక్టర్ ఉంది. భూమిలో కరెంటు తీగ ఉన్నచోట కీచుమని అరిచే పరికరం అది. ట్రైనింగ్ యార్డులో ఎక్కడో ఒక తీగను పాతిపెట్టి, "అదెక్కడుందో కనిపెట్టి సున్నంతో గీత గియ్యి" అన్నారు మాస్టారు. ఆ కీచు చప్పుడు వెంట తలవంచుకుని నడుస్తూ పోయాడు. మధ్యలో ఎర్ర రిబ్బన్ ఒకటి అడ్డొచ్చింది. రిబ్బన్లు కట్టేవాడికి రిబ్బన్లు అడ్డమేమిటన్నట్టు దాన్ని చేత్తో ఎత్తి, కిందనుంచి దూరిపోయాడు.

నీడ కదలలేదు. పైగా దానికి నాలుగు మూలలున్నాయి. మబ్బుకి మూలలేమిటని అనుమానమొచ్చి తలెత్తాడు.

ఒక గదంత సిమెంటు దిమ్మ, పొద్దుటెండకు అడ్డంగా, గాలిలో ఆగి ఉంది.

ఊగడం లేదు. చప్పుడు లేదు. అంత బరువును నాలుగు ఇనుప తాళ్ళు, ఒక కొక్కెం, పువ్వును తొడిమ పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి రోడ్ల మీద బరువులు మోసినవాడే అతను. అయినా బరువు ఇలా ఉండగలదని అతనికి తెలియదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు.

"రిబ్బన్లబ్బాయ్ గారూ," అని మైకులో ఒక ఆడగొంతు వినిపించింది. "అక్కడే కాపురం పెడతారా, ఇవతలికి వస్తారా?"

అతను ఇవతలికి వచ్చాడు. దిమ్మ మెల్లగా పక్కకు జరిగి, పిల్లిపాదంలా నేలమీద ఆనింది. క్రేన్ తలుపు తెరుచుకుంది. పసుపు హెల్మెట్, మోకాళ్ళ దగ్గర గ్రీజు మరకలున్న ప్యాంటు, చేతులకు గ్లవ్స్ వేసుకున్న ఒక అమ్మాయి నిచ్చెన దిగి తిన్నగా అతని దగ్గరికే వచ్చింది.

"రిబ్బన్ కనపడలేదా మీకు?"

"కనపడింది."

"మరి?"

"రోజూ నేనే కడుతుంటానండీ. నాకోసం కూడా ఎవరైనా కడతారని తోచలేదు."

ఆమె పెదవి చివర నవ్వొకటి వచ్చి, రాకూడని చోటికి వచ్చినట్టు వెనక్కి వెళ్ళిపోయింది. "ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఎవరు కట్టిన రిబ్బన్ వాళ్ళే దాటతారని ఇవాళ తెలిసింది," అనేసి తిరిగి నిచ్చెనెక్కింది.

ఆ సాయంత్రానికి యార్డు మొత్తం అతనికి 'గోతులు' అని పేరు పెట్టేసింది. ఆమెకు అప్పటికే ఒక పేరుంది. ఇంగ్లీషులో క్రేనంటే కొంగ కూడా కాబట్టి 'కొంగ'. క్రేన్ బ్యాచ్‌లో ఆమె ఒక్కతే అమ్మాయి. కదలకుండా మెదలకుండా అద్దాల గదిలో కూర్చుని బరువు వైపే చూస్తుంటుంది కాబట్టి ఆ పేరు ఇంకా బాగా అతికింది. "కొంగజపం మొదలైంది రోయ్" అనేవాళ్ళు మిగతావాళ్ళు. ఆమె విననట్టే ఉండేది. జపం చేసినంతసేపు చేసి, వాళ్ళెవరూ దించలేనంత మెత్తగా దించేది.

అతనిది వీధిపనుల బ్యాచ్. రోడ్డు తవ్వేముందు కింద ఏముందో చూడటం, చుట్టూ అడ్డుపలకలు పెట్టడం, నడిచేవాళ్ళకు దారి వదలడం, తవ్వింది మళ్ళీ పాతదానిలా పూడ్చడం. తాతదీ ఇదే పని, నాన్నదీ ఇదే. "మనవాళ్ళందరూ నేల వైపు చూసే బతికార్రా. ఆ సర్టిఫికెట్టేదో నువ్వన్నా తెచ్చుకో," అని నాన్నే పంపించాడు.

రెండు బ్యాచ్‌లకూ కలిపి ఒక పాఠం ఉంది. క్రేన్‌కు కిందనుంచి సైగలు చేయడం. పైన కూర్చున్నవాళ్ళకు అన్నీ కనపడవు. కింద నిలబడ్డ మనిషి చేతులే వాళ్ళకు కళ్ళు.

మాస్టారు ముసలాయన. ఆయనకు అరిచే అలవాటు లేదు. ఎంత మెల్లగా మాట్లాడితే అంత గట్టిగా చెబుతున్నట్టు లెక్క. ఆ రోజు దాదాపు గొణిగారు.

"అన్ని సైగలూ ఒక్కరే చెయ్యాలి. ఇద్దరు చేస్తే క్రేన్ ఎవరి మాటా వినదు. ఒక్క సైగకి మాత్రం ఆ రూలు లేదు." రెండు చేతులూ పక్కలకు బారుగా చాచారు. "ఆపు. ఇది ఎవరు చూపించినా ఆపాలి. నేను చూపించినా, దారినపోయే దానయ్య చూపించినా సరే. ముందు ఆపాలి. ఎందుకనేది తర్వాత అడగాలి."

తర్వాత చుట్టూ చూశారు. "రిబ్బన్ దాటిన పెద్దమనిషి ఎవరు? నువ్వెళ్ళి ఆ అమ్మాయి క్రేన్‌కి సైగలు చెయ్యి. నువ్వు తలెత్తి చూడటం నేర్చుకోవాలి. తను కిందకి చూడటం నేర్చుకోవాలి."

వెనకనుంచి ఎవరో ఈల వేశారు. మాస్టారు ఇంకా మెల్లగా ఏదో అన్నారు. ఈల ఆగిపోయింది.

మొదటి రోజు అతను ముక్కు దురద పెట్టి చెయ్యెత్తాడు. కొక్కెం కదిలింది. ఈగను తోలాడు. కొక్కెం పక్కకి తిరిగింది. చివరికి ఆమె దిమ్మను గీసిన గడిలో వెంట్రుకవాసి తేడా లేకుండా దించితే, సంతోషం పట్టలేక చెయ్యి చాచి 'భేష్' అని బొటనవేలు పైకెత్తాడు. క్రేన్ పొడుగు చెయ్యి గంభీరంగా ఆకాశంలోకి లేచింది.

తలుపు తెరుచుకుంది. "గోతులు గారూ, మెచ్చుకోవాలంటే నోటితో మెచ్చుకోండి. ఆ వేలికి ఇక్కడ వేరే అర్థం ఉంది."

"మీకు తెలుసు కదా నేను మెచ్చుకున్నానని?"

"తెలుసు. అయినా మీ చెయ్యి ఏం చెబితే అది చేయమన్నారు మాస్టారు. మీ మనసులో ఏముందో చూడమనలేదు."

ఆ మాట అతనికి రాత్రిదాకా చెవుల్లో తిరిగింది.

నాలుగైదు రోజులకు చేతులు దారికొచ్చాయి. పని లేనప్పుడు వాటిని వీపు వెనక కట్టేసుకోవడం నేర్చుకున్నాడు. పిడికిలి, అరచెయ్యి, గుండ్రంగా తిప్పే వేలు. అతను చేత్తో ఎంత అంటే పైన బరువు అంతే కదిలేది. ఒకనాడు మాస్టారు దిమ్మ మీద అంచులదాకా నీళ్ళు నింపిన బకెట్ పెట్టించారు. మలుపులున్న దారిలో దాన్ని యార్డంతా తిప్పి మళ్ళీ మొదటి చోటికే తేవాలి. అతను వెనక్కి నడుస్తూ చేతులతో చెబుతున్నాడు, ఆమె తెస్తోంది. ఆఖర్న దిమ్మ నేలకానాక మాస్టారు వంగి వేలితో సిమెంటు తడిమారు. పొడిగా ఉంది. బ్యాచ్ మొత్తం వచ్చి ఆ బకెట్లోకి తొంగిచూసింది. నీళ్ళలో ఆకాశం కూడా కదలకుండా ఉంది. ఆ తర్వాత కొంగజపమని ఎవరూ అనలేదు.

ఆ మధ్యాహ్నం వాన పడింది. రేకుల షెడ్డు కింద టీ గ్లాసులతో అందరూ ఒదిగి నిలబడితే, వాళ్ళిద్దరూ ఒకే రేకు చూరు కింద చిక్కుపడ్డారు. రేకు చిల్లులోంచి ఒక ధార సరిగ్గా ఇద్దరి మధ్యా పడుతోంది.

"పైన కూర్చుని ఏం ఆలోచిస్తుంటారు?" అని అడిగాడు.

"ఏమీ ఆలోచించను." తర్వాత తనే అంది. "బరువు లేచేముందు ఒక క్షణం ఉంటుంది. తాళ్ళన్నీ బిగుసుకుంటాయి. బరువు ఇంకా నేలమీదే ఉంటుంది, కానీ నేలకి అది బరువు కాదు. ఎవరిదీ కాదప్పుడు. ఆ కాస్తసేపు నాకు ఊపిరి తీసుకోబుద్ధి కాదు. ఎన్నిసార్లు చేసినా అంతే. పిచ్చిగా ఉందా?"

"లేదండీ. నాకు పైపుల దగ్గర అలా ఉంటుంది."

"పైపుల దగ్గరా?"

"రోడ్డు తవ్వి, మట్టి తుడిచి, మంచినీళ్ళ గొట్టం మీద చెయ్యి పెడితే లోపల పరుగు తెలుస్తుంది. వీధి మొత్తం తాగే నీళ్ళు. అన్నం వండుకునేవి, పిల్లలకి స్నానం చేయించేవి. అన్నీ నా అరచేతి కింద నుంచి పోతుంటాయి. పైన నడిచేవాళ్ళెవరికీ తెలీదు."

ఆమె అతని వైపు కొత్తగా చూసింది. ధారలో వేళ్ళు తడుపుకుని, "మీరు మాట్లాడతారే," అంది.

"మీరు నవ్వుతారే," అన్నాడు.

వాన ఆగిందని ఇద్దరికీ కాస్త ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు అడ్డుపలక మేకుకు తగిలి అతని మెరుపు జాకెట్ భుజం దగ్గర చిరిగింది. యార్డు వెనక వీధిలో ఒక టైలరమ్మ ఉందని ఎవరో చెబితే సాయంత్రం వెళ్ళాడు. వీధివైపు గది. కత్తిరింపు ముక్కలు గుట్టగా ఓ మూల, మెడలో టేపుతో ఒక పెద్దావిడ మిషన్ ముందు. జాకెట్ తిరగేసి చూసింది.

"ట్రైనింగ్ కుర్రాడివా బాబూ?"

"అవునండీ."

"కూర్చో. ఇప్పుడే కుట్టేస్తా." మిషన్ తొక్కుతూ, "అక్కడ ఏం నేర్పుతారు నాయనా? మా అమ్మాయీ అలాంటిదేదో నేర్చుకుంటోంది. నేను అడగను. అడిగితే చెబుతుంది. చెబితే నాకు భయమేస్తుంది," అంది.

లోపలి గదికి అడ్డంగా పూల పరదా వేలాడుతోంది. అతను ఆ మాటను సరిగ్గా పట్టించుకోలేదు. ఎవరైనా ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నవాడికి అడిగినవాళ్ళు దొరికారు.

"మా దాంట్లో ఒకమ్మాయి ఉందండీ. కొంగ అంటారు. నవ్వకండి, ఆవిణ్ని చూస్తే మీరు నవ్వరు. ఇల్లంత సిమెంటు దిమ్మని నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుతుందండీ. బకెట్ నిండా నీళ్ళు పెట్టి యార్డంతా తిప్పింది. చుక్క ఒలకలేదు. నేను అక్కడే ఉన్నాను. ఆ బరువు కింద నీడలో నిలబడి కూడా ఒకసారి చూశాను. భయం వెయ్యాలి కదా? వెయ్యలేదు. ఎవరో చాలా జాగ్రత్త గల మనిషి చేతిలో ఉందది అని తెలిసిపోతుంది."

మిషన్ ఆగిపోయింది. ఆవిడ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి వింటోంది.

"పెళ్ళయిందా ఆ అమ్మాయికి?"

"తెలీదండీ. అడగలేదు."

"ఎందుకని?"

"అంత పెద్ద పని చేసే మనిషిని అంత చిన్న ప్రశ్న ఎలా అడుగుతామండీ."

పరదా కదిలింది. చేతిలో మంచినీళ్ళ చెంబుతో కొంగ నిలబడి ఉంది. హెల్మెట్ లేదు, గ్లవ్స్ లేవు. జడ విప్పుకుని ఉంది. అతనికి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. పట్టాక అక్కడ కూర్చోవడానికి ఇంకొక్క క్షణం కూడా ధైర్యం చాలలేదు.

"ఎప్పట్నుంచి ఉన్నారు?"

"'మా దాంట్లో ఒకమ్మాయి ఉందండీ' దగ్గర్నుంచి."

అతను జాకెట్ సంగతి మర్చిపోయి వీధి చివరికంటా వెళ్ళిపోయాడు.

పొద్దున్నే ఆమె జాకెట్ తెచ్చి చేతికిచ్చింది. మొహం చూడకుండా అంది. "కుట్టుకూలి వద్దంది అమ్మ. నిన్న భోజనాల దగ్గర నన్ను అడిగింది. ఇన్నాళ్ళకి మొదటిసారి. 'అంత మిషను నీ మాట ఎలా వింటుందే?' అని."

"ఏం చెప్పారు?"

"చెప్పలేకపోయాను. మీరు చెప్పినంత బాగా నాకు రాదు."

కోర్సు అయిపోయింది. ఇద్దరూ పాసయ్యారు. మాస్టారి సిఫారసు మీద ఇద్దరికీ ఒకే చోట మొదటి పని దొరికింది. ఊరి మధ్య పెద్దాసుపత్రి ముందు రోడ్డు దాటడం రోగులకు నరకంగా ఉండేది. అక్కడ పాదచారుల వంతెన పెడుతున్నారు. రోడ్డుకు రెండువైపులా స్తంభాలు, మెట్లు, లిఫ్టులు ముందే సిద్ధమయ్యాయి. మధ్యలో పెట్టాల్సిన ఇనుప వంతెన ఒకే ముక్కగా వచ్చింది. ఆదివారం తెల్లవారగానే రోడ్డు మూసి దాన్ని ఎత్తి పెట్టాలి. క్రేన్ ఆమెది. కింద సైగలు అతనివి. మొత్తం పని చూసుకునే పెద్ద మాస్టారే.

ఆ ఆదివారం అతను చీకటితోనే వచ్చి అడ్డుపలకలు పెట్టాడు. రోజూ హారన్లతో చెవులు చిల్లులు పడే రోడ్డు అది. ఆ పొద్దున పిచ్చుకలు తారు మీద నడుస్తున్నాయి. క్రేన్ తన నాలుగు కాళ్ళూ చాచి, మందపాటి పలకల మీద ఆన్చి నిలబడింది. అడ్డుపలకల వెనక జనం చేరారు. వాళ్ళలో మెడలో టేపు తీయడం మరచిపోయి వచ్చిన టైలరమ్మ కూడా ఉంది.

తాళ్ళు బిగిశాయి. ఆమె చెప్పిన ఆ క్షణం అతనికి కిందనుంచే తెలిసింది. వంతెన నేలను వదిలి జానెడెత్తు లేచింది. జనం గుసగుస కూడా ఆగిపోయింది.

అప్పుడు చూశాడు. క్రేన్ ముందుకాలి పలక పక్కన తారులో ఒక పగులు. ఇందాక లేదనిపించింది. చూస్తుండగానే వెడల్పవుతున్నట్టు అనిపించింది. నిజంగా అవుతోందో లేదో ఆలోచించడానికి వ్యవధి లేదు. రెండు చేతులూ బారుగా చాచాడు.

క్రేన్ ఆగింది. అతని చేతులు పూర్తిగా చాచుకోకముందే ఆగినట్టనిపించింది.

వంతెనను తిరిగి కిందకి దించారు. మాస్టారు మోకాళ్ళ మీద వంగి చూశారు. పగులు పక్కన తారు పెళ్ళగించారు, ఇనుప కడ్డీ దింపారు, మట్టి తీశారు. కింద నేల రాయిలా ఉంది. ఎప్పుడో వేసిన అతుకు అంచది. పలక కిందనుంచి చెమ్మ ఊరి నల్లబడితే పెద్దదైనట్టు కనిపించింది, అంతే.

"పరవాలేదు. మళ్ళీ ఎత్తుదాం," అన్నారు మాస్టారు.

కానీ ఈలోపల గాలి లేచింది. ఆసుపత్రి మీది గుడ్డ బ్యానరు ఫటఫట కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ గాలిలో వంతెన ఎత్తకూడదు. ఎంతసేపు చూసినా తగ్గలేదు. పని వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

"ఎవడయ్యా ఆ కుర్రాడు? అన్నీ బాగుంటే ఎందుకు ఆపించాడు?" అని ఎవరో విసుక్కున్నారు. "రోడ్డు మూయించింది ఇందుకా?" అని ఇంకెవరో. అతను అడ్డుపలకలు ఒక్కొక్కటే తీసి బండికెక్కించాడు. ఆమె మొదటి పని. తల్లి చూడ్డానికి వచ్చిన పని. ఆమె క్యాబ్ దిగేలోపే తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా నాన్న మనుషులతో కలిసి ఓ పక్కవీధిలో గొట్టం మార్చే పనిలో దిగాడు. ఫోను మోగితే చూసి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం గోతిలో నడుములోతున ఉండగా రిబ్బన్ అవతల ఎవరో నిలబడ్డట్టయింది. తలెత్తి చూశాడు.

"మీరు పైకొస్తారా, నన్ను దిగమంటారా?" అంది ఆమె.

"దిగకండి. పక్కలకి ఇంకా పలకలు బిగించలేదు."

"అయితే ఇక్కడ్నుంచే మాట్లాడతాను. అందరూ వింటారు. పరవాలేదా?"

గోతి రెండో కొసన ఉన్న నాన్న పార ఆపి, మళ్ళీ ఆపనట్టు మట్టి గీకడం మొదలుపెట్టాడు.

"ఫోనెందుకు ఎత్తరు?"

"ఏమని ఎత్తను? మీ మొదటి పని పాడుచేశాను. అమ్మగారి ముందు. అక్కడ నేల గట్టిగానే ఉంది."

"గట్టిగా ఉందని ఆపాకే కదా తెలిసింది. ఆపకపోతే గట్టిగా ఉందని అనుకునేవాళ్ళం. ఆ రెండూ ఒకటేనా?"

అతను చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"అమ్మ ఏమందో అడగరా?"

"ఏమన్నారు?"

"ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది. తర్వాత, 'కింద నిన్ను కనిపెట్టుకుని ఉండేవాళ్ళు ఉంటారని నాకు తెలీదే' అంది. ఆ రాత్రి గుర్రుపెట్టి నిద్రపోయింది. నేను ఈ కోర్సులో చేరాక అమ్మ గురక వినడం అదే మొదలు."

ఆమె రిబ్బన్‌ను వేళ్ళతో మెలిపెడుతూ ఇంకాస్త మెల్లగా అంది.

"నేను మాట వినే మనిషిని కాదు. చిన్నప్పట్నుంచి అంతే. ఎవరైనా కూర్చోమంటే ఎందుకని అడిగి నిలబడతాను. ఆ రోజు మీరు చేతులు చాచారు. ఆపాలని నేననుకోకముందే నా చెయ్యి ఆపేసింది. రూలని ఆపలేదు. రూలు గుర్తొచ్చేసరికే బరువు ఆగి ఉంది. ఎందుకాపావని ఎవరో అడిగితే, 'ఆపమన్నాడు, ఆపాను' అన్నాను. ఇంటికెళ్ళాక కూర్చుని ఆలోచిస్తే భయమేసింది."

"దేనికి?"

"నాలో అంత నమ్మకం నాకు తెలీకుండా ఎప్పుడు చేరిందా అని." మెలిపెట్టిన రిబ్బన్ వదిలేసింది. "గోతులు తవ్వేవాళ్ళతో జాగ్రత్తగా ఉండాల్సింది. నాకెప్పుడు తవ్వారో తెలీదు. పడిపోయాను."

వీధిలో ఒక స్కూటర్ పోయింది. పక్కింటి మేడ మీద ఎవరో బట్టలు దులుపుతున్నారు. అతనికి అరచేతుల్లో గొట్టం చల్లదనం తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

"ఆదివారం వస్తాను," అన్నాడు.

"అది చాలు ఇప్పటికి," అని ఆమె వెళ్ళిపోయింది.

రెండో కొసనుంచి నాన్న అన్నాడు. "ఒరేయ్, ఆ పిల్ల చెప్పింది అర్థమైందా, విడమర్చి చెప్పమంటావా?"

"అర్థమైంది నాన్నా."

"అర్థమైనవాడు 'ఆదివారం వస్తాను' అంటాడా? నీకంటే ఈ గొట్టం నయం. తడితే పలుకుతుంది."

ఆదివారం గాలి లేదు. ఆకు కూడా కదలని తెల్లవారుజాము. అంతకుముందు వచ్చిన జనమే కాక, వాళ్ళకు రెట్టింపు జనం వచ్చారు. ఆసుపత్రి కిటికీల నిండా మొహాలే. గౌన్లు తొడుక్కున్న రోగులు, నర్సులు, చేతిలో టిఫిన్ డబ్బాతో ఆగిపోయిన తోడువాళ్ళు.

వంతెన లేచింది. జానెడు. ఆగింది. అతను ఒక్కొక్క కాలి పలకా చూసుకున్నాడు. మాస్టారు తలూపారు. అతను వేలు పైకి చూపి గుండ్రంగా తిప్పాడు.

అటుపైన జరిగింది అతను తర్వాత ఎంతోమందికి చెప్పాలని చూశాడు గానీ ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాడు. ఒక వీధి అంత పొడుగున్న ఇనుము, తెల్లరంగు వేసింది, సూర్యుడు అప్పుడే తగులుతుండగా జనం తలల మీదకి కాదు, ఖాళీ రోడ్డు మీదకి, ఖాళీ ఆకాశంలోకి లేస్తోంది. చెట్లను దాటింది. దీపస్తంభాలను దాటింది. దాని నీడ తారు మీద మెల్లగా తిరుగుతుంటే రోడ్డే తిరుగుతున్నట్టుంది. వందలమంది ఉన్నారు, ఇంజన్ మూలుగు తప్ప ఇంకే శబ్దమూ లేదు. చంకలో పసిబిడ్డ ఉన్న ఒకావిడ బిడ్డ తలను చేత్తో పైకెత్తి చూపిస్తోంది. అతని చేతులు గాలిలో రెండంగుళాలు కదిలితే అక్కడ పైన కొండలాంటిది రెండంగుళాలు కదులుతోంది. ఆ అద్దాల గదిలో పసుపు హెల్మెట్ చుక్కలా కనిపిస్తోంది. ఆమె అతణ్ని చూస్తోంది, అతని చేతుల్ని మాత్రమే. ఈ లోకంలో ఇంకొక మనిషి తనను ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదని, ఇక చూడబోరని అతనికి తెలిసింది.

వంతెన రెండు స్తంభాల మీదా ఒకేసారి ఆనింది. పైనున్న మనుషులు బోల్టులు దూర్చారు. ఒక్కటీ అడ్డం తిరగలేదు. అతను పిడికిలి బిగించి, ఇక చాలని సైగ చేశాడు. అయిపోయిందని నమ్మడానికి జనానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఆసుపత్రి కిటికీల్లోంచి మొదలై చప్పట్లు వీధంతా పాకాయి.

రోడ్డు తిరిగి తెరిచేవేళకు ఎండెక్కింది. ఆమె క్రేన్ దిగి పేవ్‌మెంట్ అంచున కూర్చుంది. అతను నీళ్ళసీసా తెచ్చిచ్చాడు. ఆమె అందుకోబోతే సీసా జారింది. చూస్తే చేతులు రెండూ వణుకుతున్నాయి.

"పైన ఉన్నంతసేపు వణకలేదు," అంది వాటివైపే చూసుకుంటూ. "అంతా అయ్యాక మొదలైంది."

అతను పక్కన కూర్చుని ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె లాక్కోలేదు. వణుకు కాసేపు అతని అరచేతుల్లో పరుగెత్తి, మెల్లగా నెమ్మదించింది.

ఎదురుగా టైలరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. అతను చటుక్కున లేవబోయాడు.

"కూర్చో బాబూ, కూర్చో." ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగానే ఉంది. "పక్కన నిలబడ్డ వాళ్ళందరికీ మా అమ్మాయే అని చెప్పాను. నమ్మరే. ఇంత బక్కపిల్లా అంటారు. సరే గానీ, మీ అమ్మానాన్నల్ని తీసుకుని ఎప్పుడొస్తావు మా ఇంటికి?"

అతను తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. అమ్మాయే అంది. "అమ్మా, ఆయన నన్ను ఇంకా అడగనేలేదు."

"అడగలేదా?" టైలరమ్మ అతనివైపు ఆశ్చర్యంగా చూసింది. "ఊరందరికీ చెప్పినవాడివి, దీన్నే అడగలేదా? అయితే అడుగు. నేను అటు తిరుగుతాను."

ఆవిడ నిజంగానే అటు తిరిగి, చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని వంతెన వైపు చూస్తూ నిలబడింది. పైన అప్పటికే జనం నడవడం మొదలుపెట్టారు. చేతికర్ర ఉన్న ముసలాయన, ఆయన మోచెయ్యి పట్టుకున్న ముసలావిడ. మధ్యకు వచ్చి ఇద్దరూ ఆగి, కమ్మీ పట్టుకుని, కింద పోతున్న బస్సుల్ని వింతగా చూస్తున్నారు.

వెనకనుంచి మెల్లగా మాటలు వినిపించాయి. అతని గొంతు, తర్వాత అమ్మాయి గొంతు. తర్వాత నవ్వు. ఒకరిదో ఇద్దరిదో తెలియలేదు.

"ఏమంది?" అని అడిగింది టైలరమ్మ, తిరగకుండానే.

"సరేనందండీ."

ఆవిడ తలూపింది. అయినా ఇటు తిరగలేదు. ఆకాశంలో తెల్లగా, తిన్నగా, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టున్న ఆ వంతెనను చూస్తూనే ఉంది.

"ఎంత మెత్తగా పెట్టిందో చూడు నా తల్లి," అంది తనలో తను.